రెండో మనిషి బరువు

ప్రొద్దుటూరు పెట్రోలు బంకు ముందు బండి ఆపితే షాహుల్‌కు కాలు నేలకు సరిగ్గా అందలేదు. మునివేళ్లే ఆనాయి. అతను పొట్టి మనిషి. అందుకే మెకానిక్ రహమతుల్లా వెనక స్ప్రింగుల బిగువు మార్చే కింది రింగును అన్నిటికన్నా మెత్తని మెట్టులో పెట్టిచ్చాడు. అట్లయితే సీటు కాస్త కుంగి పాదాలు నిలుస్తాయి. షాహుల్ వంగి చూశాడు. రెండు పక్కలా రింగు గట్టి మెట్టుకు తిరిగి ఉంది.

ఊరికే ఎవడూ తిప్పడు. వెనక మనిషిని ఎక్కించుకునేవాడే, ఇద్దరి బరువుకు కుంగకుండా తిప్పుతాడు.

శుక్రవారం నమాజయ్యాక బండి తీసుకుపోయేది తమ్ముడు జావేద్. పులివెందులలో టైల్స్ పని అంటాడు, ఒక్కడినే పోతున్నానంటాడు. మరి ఈ రెండో మనిషెవరు? తన దగ్గర దాచాల్సినవాడంటే నాయనే అయ్యుండాలి. అమ్మను వదిలి జమ్మలమడుగులో ఇంకొకామెతో కాపురం పెట్టినాయన. ఆయన ఈ గడప తొక్కితే ఊరుకోనని షాహుల్ అందరి ముందూ చెప్పాడు, అమ్మ కోసమే చెప్పాడు. వీడేమో ఆయన్ను బండెక్కించుకుని తిరుగుతున్నాడు. రేపో మాపో ఇంటికే తెస్తాడు.

బండిని తిన్నగా రహమతుల్లా షెడ్డుకు తోలాడు. "రింగు నువ్వు తిప్పినావా మామా?"

"నేనెందుకు తిప్పుతానప్పా? నీ కాళ్ల పొడుగు నాకు తెల్దా?" రహమతుల్లా నవ్వాడు.

ఆ నవ్వు కూడా దేన్నో దాస్తున్నట్టే తోచింది షాహుల్‌కు. పానా అడిగి తీసుకుని రింగును తానే దించేశాడు. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు. మెత్తని స్ప్రింగు మీద ఇద్దరెక్కితే గుంత గుంతకూ బండి అడుగుదాకా కొట్టుకుంటుంది. వెనక కూర్చున్నదెవరో పట్టేసిన నడుమే చెబుతుంది.

శుక్రవారం సాయంత్రం షాహుల్ అంగడి నుంచి వచ్చేసరికి అమ్మ ఖమర్‌బీ గోడ పట్టుకుని నిలబడి ఉంది. జావేద్ ఆమె నడుముకు కాపడం పెడుతున్నాడు.

"ఏందమ్మా ఇది? యాడ పడితివి?"

"పడలేదు. జమ్మలమడుగు దావలో గుంతలన్నీ నా నడుముకే తగిలినాయి."

"నేను బిగిచ్చి పెట్టిన రింగు ఎవురో దించినారన్నా," అన్నాడు జావేద్. "సగం దావలో తెలిసె. పానా ల్యాకపాయె."

షాహుల్ అమ్మ దగ్గరికొచ్చాడు. "నువ్వు ఆడికెందుకు పోతివమ్మా?"

"మీ నాయన ఆస్పత్రిలో ఉండాడు. ఆమె ఇడ్సిపెట్టి పాయె. గంజి తాపే దిక్కు ల్యాక వారం వారం నేనే పోతాండా. నీకు చెప్తే ఇల్లు పీకి పందిరేస్తావని చెప్పల్యా."

"ఆయనకు నువ్వు గంజి తాపేదేందమ్మా? నీకోసమే గదా నేను..."

"నాకోసం కోపం పెట్టుకోమని నేను అడిగినానా?"

ఆమె నడుము సర్దుకుని నిలబడింది.

"సోమవారం ఆస్పత్రి నుంచి పంపిచ్చేస్తారంట," అందామె. "ఈడికే తెస్తాం."

షాహుల్ గూట్లోని బండి తాళాలు తీసుకుని, "నేనే పోయి తెస్తాలేమ్మా," అన్నాడు.

ఖమర్‌బీ కొడుకు మొహంలోకి చూసింది. "ఆ రింగు దించింది నువ్వే గదా?"

అతను చేతిలోని తాళాల వైపు చూశాడు.

"నువ్వొద్దులే నాయనా. మీ నాయన్ను నీ యెనక కూచ్చోబెట్టల్లంటే నాకు భయమైతాంది. తాళాలు ఇట్లియ్యి, జావేదే తెస్తాడు," అని, గోడ వదలకుండానే చెయ్యి చాచింది.