మూగ బేస్‌కి దక్కిన సీటు

నేను ఒక బేస్ గిటార్‌ని. మామూలు గిటార్‌కి ఆరు తీగలుంటే నాకు నాలుగే. అందుకే జనం నన్ను తక్కువ సరుకుగా చూస్తారు. "రెండు తెగిపోయినయ్యా?" అని అడిగినవాళ్ళు చాలామంది. ఒక్కరికీ ఎదురు చెప్పలేదు. సరుకు తన గొప్ప తానే చెప్పుకుంటే విలువ పడిపోతుందని దుకాణంలో నేర్చుకున్నాను. బతుకంతా ఆ దుకాణపు లెక్కతోనే చూశాను. ఏది ఇస్తే ఏది వస్తుంది, ఎవరి చేతిలో నిలిస్తే లాభం అని. ఆ లెక్క నన్ను ఎక్కడికి తెచ్చిందో చెప్పాలంటే సిగ్గుగానే ఉంది.

పుట్టింది కోల్‌కతాలో, చెక్కపొట్టు మధ్య. నా మొండెం చవక గుమ్మడిటేకు. అమ్మేటప్పుడు మాత్రం మహాగనీ అన్నారు. ఎర్ర వార్నిష్ కింద ఏ కర్ర ఉందో ఎవరికి తెలుస్తుంది? నాదమంతా కర్రలోనే ఉందని ఫోన్లో వీడియోలు చూసి వాదించేవాళ్ళున్నారు. వాళ్ళను చూస్తే నాకు జాలి. నా అనుభవంలో నాదంలో పెద్ద వాటా వేళ్ళది. తరవాత తీగలది, ఆ తరవాత వెనకున్న స్పీకర్ బాక్సుది. కర్ర తన వాటా అడగడానికి వచ్చేసరికి పంచడానికి పెద్దగా ఏమీ మిగలదు.

గుంటూరు కొత్తపేటలో మస్తాన్ సాహెబ్ దుకాణంలో కొక్కేనికి వేలాడాను. నా పక్కన మెరిసే గిటార్లు వచ్చాయి, పోయాయి. నేను మాత్రం దుమ్ము తాగుతూ ఉండిపోయాను. మస్తాన్ సాహెబ్ కొనేవాడి చెప్పులు చూడడు, చేతులు చూస్తాడు. ముందు రంగు అడిగినవాడు కొనడు. బరువు అడిగినవాడు మళ్ళీ వస్తానంటాడు. ఏమీ అడక్కుండా చేతిలోకి తీసుకున్నవాడే కొంటాడు. ఆయన దగ్గర నేనూ ఆ చూపు నేర్చుకున్నాను.

ఏసుపాదం అలాగే ఏమీ అడక్కుండా నన్ను దించాడు. స్టూలు మీద కూర్చుని, నా భుజానికి దవడ ఆనించి, కళ్ళు మూసుకుని కింది తీగ మీటాడు.

"అయ్యా, అది గిటారయ్యా, తలగడ కాదు," అన్నాడు మస్తాన్ సాహెబ్.

"బాక్సు లేకుండా ఎట్టా పలుకుద్దో ఎముకతో వింటన్నా సాయిబూ."

"పలుకుద్దిలే, దానికి నేను హామీ."

"నువ్వు పలుకుతానే ఉంటావులే, కాసేపు దీన్ని పలకనీ."

అలా నేను ఏసుపాదం ఇంటికి వెళ్ళాను. అతను మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాడు. పగలంతా చలిలో మిరప బస్తాలు, అదే టిక్కీలు, లెక్కపెట్టడం, దించడం, ఎక్కించడం. ఎంత కడిగినా వేళ్ళకు మిరప ఘాటు వదిలేది కాదు. ఆ ఘాటు నా మెడకూ పట్టింది. సాయంత్రం నన్ను ఒళ్ళో పెట్టుకుని అతను నాదం గురించి మాట్లాడేవాడు. నాతోనే, ఇంకెవరు వింటారు? తీగల కింద నాదాన్ని పట్టే మొదటి పికప్ మీద వాయిస్తే మెత్తన, చివరి పికప్ మీద వాయిస్తే గట్టిదనం, మధ్యలో వేలు పెడితే రెండూ. చదును తీగలైతే గుమ్మడికాయ తట్టినట్టు ఉంటుంది, గరుకు తీగలైతే గొంతులో జీర ఉంటుంది. ఇవన్నీ అతనికి తెలుసు. కొత్త తీగలు కొనడం మాత్రం అంత సులువు కాదు. అందుకని పాతవాటినే విప్పి, వేడినీళ్ళలో మరగబెట్టేవాడు.

"టీ గిన్నెలో తీగలేందయ్యా?" అంది అతని భార్య సుగుణ ఒకసారి. "ఆ తుప్పు మేం తాగాలా?"

"తుప్పు కాదే, చేతి జిడ్డు. జిడ్డు పోతే నాదం తేటపడుద్ది."

"నీకున్న జిడ్డు ఏ గిన్నెలో వేస్తే పోద్దో చెప్పు, పెద్దది కొనుక్కొస్తా."

ఆమె తిట్టిందే కానీ, ఆ గిన్నె మళ్ళీ టీకి వాడలేదు. తీగలకే వదిలేసింది.

ఏసుపాదం ఆదివారాలు చర్చిలో వాయించేవాడు. మిగతా రోజుల్లో స్వరమల్లిక ఆర్కెస్ట్రాలో. అది కీబోర్డు వాయించే మల్లిబాబుది. ఫంక్షన్లకు వ్యానులో పోతారు. అందులో మనుషులకు సీట్లు కొన్నే, మిగతాదంతా సామాను. ఆ వ్యాను ఎక్కినప్పుడు ఏసుపాదం భుజాలు మారిపోయేవి. కోల్డ్ స్టోరేజీలో "ఒరేయ్" అని పిలిపించుకునే మనిషిని అక్కడ "బేసన్నా" అని పిలిచేవాళ్ళు. అతనికి ఈ లోకంలో కావలసింది ఆ సీటు ఒక్కటే. నా చూపుకి అది స్పష్టంగా కనిపించింది. కొనేవాడి కళ్ళు సరుకు మీద నిలిచిపోతే మస్తాన్ సాహెబ్ అయితే వెంటనే ధర బిగించేవాడు.

మల్లిబాబు బిగించాడు.

"అన్నా, నీ మీద నాకేం కోపం లేదు," అన్నాడు ఒకరోజు. "బేస్ నేను కీబోర్డు మీద ఎడం చేత్తో కొట్టేస్తన్నా. నువ్వున్నా లేకపోయినా జనానికి తెలియట్లా. ఫంక్షనోళ్ళేమో స్టేజీ మీద పొగ చిమ్మే మిషను అడుగుతున్నారు. అది పెట్టడానికి చోటు లేదు. చిలకలూరిపేటలో ఓణీల ఫంక్షను ఒకటుంది. ఆడ నువ్వున్నట్టు తెలియాలి. తెలిసిందా, సీటు నీది. లేకపోతే పొగ మిషనుది."

పొగ మిషనుతో పోటీ. ఇంతకన్నా తలవంపు నాకు అంతకుముందు లేదు.

తప్పు నా గొంతులో ఉందని ఏసుపాదం నమ్మాడు. సామాను మారిస్తే మనిషి మారతాడని నమ్మడం ఈ వాయించేవాళ్ళ జబ్బు. ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి నా పొట్ట కోయించి, బ్యాటరీతో గొంతు పెంచే సర్క్యూట్ పెట్టించాడు. గరుకు తీగలు కొత్తవి వేశాడు. నిజం చెప్పాలంటే నేనూ పొంగిపోయాను. నా గొంతు గాజులా మోగింది. మెకానిక్ చివర్లో ఒక మాట అన్నాడు: "వాయించటం అయిపోగానే బాక్సు వైరు పీకెయ్యి. వైరు గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతానే ఉంటది." కానీ ఏసుపాదం అప్పటికే నాబ్ తిప్పుతూ వేరే లోకంలో ఉన్నాడు.

అతనికి మొదటినుంచీ ఒక అలవాటు. మాటిమాటికీ వైరు పీకి గుచ్చితే రంధ్రం వదులవుతుందని, ఎప్పుడూ నాలో వైరు అలాగే ఉంచేవాడు. బ్యాటరీ లేని రోజుల్లో దానివల్ల నష్టమేమీ లేదు. ఇప్పుడు గోడకు ఆనుకుని పగలూ రాత్రీ నేను ఆ బ్యాటరీని గుక్కగుక్కగా తాగేశాను. తాగుతున్నట్టు నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

చిలకలూరిపేట ఫంక్షన్ హాల్లో మొదటి రెండు పాటలు బాగానే పలికాను. మూడోది హుషారు పాట, కుర్రాళ్ళు కుర్చీలు పక్కకు నెట్టి చిందులేస్తున్నారు. చరణం మధ్యలో నా గొంతు గరగరలాడింది. ఆపైన ఎండిపోయింది. ఏసుపాదం వెనక్కి చూశాడు. బాక్సు దీపం వెలుగుతోంది. నాబ్ చివరిదాకా తిప్పాడు. ఏమీ లేదు. వైరు సంగతి అప్పుడు తట్టింది అతనికి.

ఆపి చెప్పొచ్చు. చెబితే సీటు పోతుంది. పాట ఆగలేదు. మల్లిబాబు ఎడమ చెయ్యి ఎప్పటిలాగే బేస్ కొడుతూనే ఉంది. ఒక్క మనిషీ మా వైపు తిరగలేదు. ఏసుపాదం వేళ్ళు మళ్ళీ కదిలాయి. తల ఊపాడు, నవ్వాడు, మోకాలు వంచి తాళం వేశాడు. ప్రోగ్రాం అయ్యేదాకా చచ్చిపోయిన నన్ను అలా వాయిస్తూనే ఉన్నాడు. నా తీగల చప్పుడు అతని పొట్టకు తప్ప ఎవరికీ తగల్లేదు. శవానికి తల దువ్వుతున్నట్టు ఉంది నాకు.

అయిపోగానే ఓణీ వేయించుకున్న అమ్మాయి మేనమామ స్టేజీ ఎక్కాడు. నల్ల కళ్ళజోడు, చేతికి కడియం.

"బ్రదర్, బేస్ అదిరింది! నేను కార్లో పెద్ద సబ్‌ఊఫర్ పెట్టించా, నాకు తెలుసు బేసంటే ఏందో. పొట్టలో గుద్దినట్టుంది!"

"థ్యాంక్స్ సార్," అన్నాడు ఏసుపాదం.

మల్లిబాబు అంతా విన్నాడు. "ఇవాళ కుదిరింది అన్నా నీ సౌండు! పాటలో కలిసిపోయింది, ఎక్కడా అడ్డం రాలా. ఇదే సెట్టింగ్ ఉంచు, మార్చమాక. సీటు నీదే."

వ్యానులో ఏసుపాదం కిటికీ పక్కన కూర్చుని నన్ను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. పక్కన డ్రమ్స్ వాయించే శౌరి. ఇద్దరూ ఒకే చర్చి, వరసకు బావలు.

"బావా, ఇవాళ వాయించావా?" అన్నాడు శౌరి మెల్లగా.

"చూళ్ళేదా?"

"చూశా. వినపళ్ళా."

ఏసుపాదం కిటికీ అద్దం మూశాడు.

తరవాతి ఫంక్షన్లకు కొత్త బ్యాటరీ వచ్చింది. కానీ నాబ్ తెరుచుకోలేదు. మల్లిబాబు మెచ్చుకున్నది ఆ సెట్టింగే కదా. నాబ్‌ను సున్నాకు కాస్త పైన ఉంచి, నన్ను గుసగుసలాడించేవాడు. మల్లిబాబు ప్రతిసారీ బొటనవేలు పైకెత్తి చూపించేవాడు. నా దుకాణపు బుర్ర దాన్ని మంచి బేరమనే అంది. శ్రమ తక్కువ, సీటు భద్రం. మాట్లాడకుండా ఉన్నందుకు ఇంత దక్కే సరుకు ఇంకెక్కడైనా ఉందా? అయితే ఏసుపాదం ఇంట్లో నన్ను ముట్టుకోవడం మానేశాడు. దవడ ఆనించి వినడం ఆగిపోయింది. సీటు కోసం వాయించడం నేర్చుకున్న మనిషి వాయించడం కోసం వాయించడం వదిలేశాడు. లాభం పక్కన ఆ నష్టం నాకు కనిపిస్తూనే ఉంది. కనిపించనట్టు ఊరుకున్నాను.

శౌరి ఊరుకోలేదు. సత్తెనపల్లిలో ఒక పెళ్ళి రిసెప్షన్‌కి సామాను దించుతూ అడిగేశాడు.

"బావా, నా కిక్కు డ్రమ్ము ఒంటరిదైపోయింది. ఆ ఎడంచేతి బేస్ ఒకటే తీరుగా పోతా ఉంటది. నేను తాళం కాస్త వెనక్కి లాగితే అది లాగదు. నువ్వైతే నాతో పాటు లాగేవోడివి. ఎవుడు వినకపోయినా నేను వినేవోణ్ణి కదా."

"సీటు పోద్ది శౌరీ."

"పోద్దేమో. నువ్వు పోయి చాన్నాళ్ళయింది."

ఆ రిసెప్షన్‌లో మొదటి పాట ఎత్తుకోగానే ఏసుపాదం చెయ్యి నాబ్ మీదికి వచ్చింది. వద్దు అనుకున్నాను నేను. చేతికి వచ్చిన బేరాన్ని ఎవరైనా చెడగొట్టుకుంటారా? అతను తిప్పేశాడు.

నా గొంతు హాల్లోకి దూకింది. మల్లిబాబు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. అతని ఎడమ చెయ్యి తడబడి, కీబోర్డు మీంచి లేచింది. శౌరి వెనక్కి లాగాడు, ఏసుపాదం లాగాడు, నేను లాగాను. పాట నడుం ఊపుతూ నడిచింది. మొదటి వరసలో ఒక ముసలాయన పక్కవాడితో మాట్లాడుతూ మధ్యలో ఆగి, ఏం మారిందో అర్థంకాక ఇటూ అటూ చూశాడు. మా వైపు మాత్రం చూడలేదు.

తిరుగు ప్రయాణంలో మల్లిబాబు అడిగాడు. "ఏందన్నా ఇవాళ? బేస్ మీద మీద పడిపోయింది. ఆ చిలకలూరిపేట సౌండు ఏమైంది?"

"పేటలో సౌండు లేదు మల్లీ. బ్యాటరీ అయిపోయింది. మూడో పాట నించీ నేను ఉత్తినే చేతులాడించా."

మల్లిబాబు పగలబడి నవ్వాడు.

"అంటే ఆ సబ్‌ఊఫరాయన మెచ్చుకుంది నా ఎడం చేతినా! అప్పుడే చెప్పొద్దా అన్నా, ఆయన చేత శాలువా కప్పించుకునేవాణ్ణి!"

అందరూ నవ్వారు. ఏసుపాదమూ నవ్వాడు. అతని ఇంటి సందు మొదట్లో దింపి, మల్లిబాబు కోపం లేకుండానే చెయ్యి ఊపాడు. ఆ తరవాత వ్యాను ఆ సందు దగ్గర ఆగలేదు. ఒకసారి అది రోడ్డు మీద పోతుంటే కిటికీ పక్కన, ఏసుపాదం సీట్లో, పొగ మిషను అట్టపెట్టె కనిపించింది. దాని మీద మెత్తటి గుడ్డ కూడా కప్పి ఉంది. నాకెప్పుడూ అంత మర్యాద జరగలేదు.

కొన్ని వారాలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం, శౌరి ఒక చిన్న డ్రమ్మూ, కర్రపుల్లలూ పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఏసుపాదం నన్ను తీసి, ఇంట్లో ఉన్న చిన్న బాక్సుకు తగిలించాడు. పాట లేదు, పాడేవాళ్ళు లేరు. ఇద్దరూ ఒక నడక పట్టుకుని దాన్నే తిప్పి తిప్పి వాయించారు. నెమ్మదిగా, తొందర లేకుండా. ఏసుపాదం దవడ నా భుజానికి ఆనింది.

సుగుణ వంటింట్లోంచి గరిటె చేత్తో వచ్చి గుమ్మంలో నిలబడింది. చాలాసేపు అలాగే వింది. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చినా కదల్లేదు.

వాళ్ళు ఆపాక అడిగింది. "బాగుందయ్యా ఇది. మరి ఆ ఫంక్షన్లలో ఇట్టా వాయించవేం?"

పేటలో ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. శౌరి తల వంచుకుని పుల్లలు సర్దుకున్నాడు. నన్ను కాదు ఆమె అడిగింది. అయినా, ఆ ఆడమనిషి ముఖం చూడలేకపోయాను.

"మాడుతుంది చూడవే," అన్నాడు ఏసుపాదం.

"మాడనీ," అంది సుగుణ, అక్కడే కింద కూర్చుంటూ. "మళ్ళీ ఒకసారి వాయించు."