జీపు అద్దానికి అడ్డుపడ్డ మఖమలు గుడ్డ

ముందే ఒప్పేసుకుంటాను. నేను ఒక గుడ్డని. ఎర్ర మఖమలు, అంచుకి పసుపు కుచ్చులు, నడి మధ్యలో జరీ దారంతో కుట్టిన 'శుభప్రయాణం'. నాకు వచ్చిన చదువు ఆ అయిదక్షరాలే. లంబసింగి ఘాటీలో నాలుగు చలికాలాలపాటు ఒక జీపు అద్దానికి పట్టిన మసకంతా నా పనే. కావాలని చేయలేదు. తెలియక చేశాను. చేస్తూ మహా సుఖపడ్డాను కూడా. అది దాచిపెడితే కథ సగమే అవుతుంది.

నర్సీపట్నంలో సీటు కవర్లు కుట్టే కొట్టులో పుట్టాను. అంతకు ముందు పెళ్లి మండపం వెనక కట్టే తెరని. తెర చిరిగితే దర్జీ మంచి ముక్క ఏరి నన్ను కత్తిరించాడు. నా తోడబుట్టిన ముక్కలు దిండు గలీబులయ్యాయి. నేను బండెక్కాను. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నా కుచ్చులు వాటంతట అవే ఊగేవి. జీపు గతుకులో పడింది కాబట్టి ఊగాయని గిట్టనివాళ్లు అంటారు. అననివ్వండి.

జీపు గెమ్మెలి నీలకంఠానిది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి మనుషుల్ని, మూటల్ని, కోళ్లని చేరవేస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లు, పెళ్లి కాలేదు. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు 'జరగండి'. అద్దం కింద, స్టీరింగు అవతల బల్లలా ఉండే చోట నన్ను పరిచాడు. మూలలకి బంక రాశాడు. నా మీద మన్యం అమ్మవారు మోదకొండమ్మ పటం పెట్టి, ప్లాస్టిక్ చామంతుల దండ వేసి, పక్కన నిమ్మకాయ ఉంచి దండం పెట్టాడు. ఆ దండంలో నాకూ కొంత వాటా ఉందనుకున్నాను.

అప్పుడు మొదలైంది నా రాజభోగం. నేను పడుకున్న చోట, అద్దం అంచునే, రెండు పొడుగాటి చీలికలున్నాయి. నీలకంఠం హీటరు మీట తిప్పగానే వాటిలోంచి వెచ్చటి గాలి వచ్చి నా కడుపుకి తగిలేది. బయట గడ్డి మీద మంచు బిగుసుకుపోయేది, నేను పొయ్యి పక్క పిల్లిలా కళ్లు మూసుకునేదాన్ని. నాకు కళ్లు లేవు, అయినా మూసుకునేదాన్ని. మఖమలు కదా, మర్యాద చేస్తున్నారనుకున్నాను. ఆ గాలి అద్దం కోసమని నాకెవరు చెప్పారు?

ఇక అద్దం సంగతి. జీపులో పన్నెండు మంది, పన్నెండు ఊపిర్లు, తడి కంబళ్లు, బుట్టలో కోళ్ల ఊపిరి అదనం. చలికి భయపడి ఒక్కరూ కిటికీ తెరవరు. ఆ ఊపిరంతా వెళ్లి చల్లటి అద్దానికి మీగడలా పట్టేది. నీలకంఠం మోచేత్తో తుడిచేవాడు. ఒక మలుపు దాటేసరికి మళ్లీ మీగడ.

అందరూ వైద్యులే. వెనక సీటు దాలమ్మ, చింతపల్లి సంతకి తప్పకుండా వచ్చే ముసలమ్మ, పొగాకు నానబెట్టిన నీళ్లు రాయమంది. రాశాడు. అద్దం గోధుమరంగుకి తిరిగింది, జీపంతా తుమ్ములు. ఎవరో బంగాళాదుంప కోసి రుద్దమన్నారు. రుద్దాడు. ఈగలు ఎక్కాయి, చార్జీ ఇవ్వకుండా లంబసింగి దాకా వచ్చాయి. షాంపూ పూస్తే మూడు మలుపులు బాగానే కనపడింది. నాలుగో మలుపులో దాలమ్మ చుట్ట ముట్టించింది.

"చుట్ట ఆర్పవే ముసల్దానా, దారి కనపడ్డంలేదు" అన్నారెవరో.

"దారి నీకెందుకు, నువ్వు తోల్తన్నావేటి" అంది దాలమ్మ.

హీటరు పాడైందనుకుని నీలకంఠం జీపుని నర్సీపట్నం షెడ్డుకి రెండుసార్లు తీసుకెళ్లాడు. కింద మైదానం, ఎండ, అద్దం అద్దంలాగే ఉంది. మేస్త్రీ బానెట్ ఎత్తి గొట్టాలు మార్చాడు, ఫ్యాను మార్చాడు. ఆ తర్వాత లోపలికి వంగి నా వైపు చూశాడు. నా ప్రాణం పోయిందనుకున్నాను. ఆయన చెప్పులు విప్పాడు, అమ్మవారికి దండం పెట్టాడు, బానెట్ మూసేశాడు. అమ్మవారు కూర్చున్న గుడ్డని ఎత్తి కింద ఏముందో చూడాలన్న ఆలోచన ఆ కొండ మీదగానీ కింద గానీ ఒక్కరికీ రాలేదు. నాలుగేళ్లు. కొత్త ఫ్యానుతో నాకు గాలి ఇంకా బాగా వచ్చింది.

మూడో చలికాలంలో సన్నేసమ్మ ఎక్కింది. ఘాటీ కింద ఊరు, ముప్పై నాలుగేళ్లు, బుధవారం బుధవారం ఎండుచేపల బుట్టతో సంతకి వెళ్లే మనిషి. బుట్ట పక్కన ఎవరూ కూర్చోరు కాబట్టి ముందు సీటు ఆమెదే అయింది. ముందు సీటు వాళ్లు అద్దం తుడవాలని ఆ జీపులో ఆనవాయితీ. ఆమె శాలువా కొంగుతో తుడిచేది, తుడిచిన సందులోంచి చూసి చెప్పేది.

"ఎడంపక్క గొయ్యి."

"ఊ."

"ముందు ఆవు."

"ఆవు కాదు. మైలురాయి."

"మైలురాయి తోక ఊపుతాదేటి?"

నీలకంఠం నవ్వాడు. ఆ జీపులో ఆయన నవ్వు నేనదే మొదటిసారి వినడం. హారన్ అనుకున్నాను. రెండు శీతాకాలాలు అలాగే గడిచాయి. అద్దం శుభ్రంగా ఉంటే వాళ్లిద్దరికీ మాట్లాడుకోవడానికి ఏముండేదో నాకు తెలియదు. రెండో పుష్యమాసంలో ఒక బుధవారం ఆయన తన జన్మలో పెద్ద మాట మాట్లాడాడు.

"సంత లేని రోజుల్లో కూడా ఈ సీటు కాళీగానే ఉంటాది."

సన్నేసమ్మ చాలాసేపు అద్దం తుడిచింది. తుడిచిన చోటే తుడిచింది. తర్వాత "మా అన్నతో చెప్పుకో" అంది.

అన్న పేరు పోతురాజు. చెల్లెలికి తండ్రీ ఆయనే. మొహం మీద మీసం తప్ప మెత్తనిదేమీ లేదు. నీలకంఠం ఇల్లు లంబసింగి దాటాక ఉంది. ఆడపిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడ్డానికి వెళ్లాలి కదా, దానికి ఆయన పెట్టిన షరతు ఇది.

"నీ జీపులోనే వత్తాం. తెల్లారీ తెల్లారకుండానే ఎక్కుతాం. నా సెల్లెలు రోజూ ఎక్కబోయే బండి ఎలాగెళ్తాదో నానూ సూడాల. మద్దిలో ఎక్కడైనా ఆపీసేవనుకో, అక్కడే దిగిపోయి నడిసి ఎనక్కెళ్లిపోతాం. ఇంక నీ ఇల్లు కాదు కదా, నీ మొకం కూడా సూడం."

ఆ రోజు పొగమంచు ఎలా ఉందంటే, జీపు ముందు దీపాలు వెలిగిస్తే దీపాలే కనపడలేదు. ముందు సీట్లో నీలకంఠం, సన్నేసమ్మ, పోతురాజు. వెనక చుట్టాలు తొమ్మిదిమంది, వాళ్ల మధ్య దాలమ్మ. ఆమె ఎవరి చుట్టమో ఎవరూ అడగలేదు. రెండో మలుపుకే అద్దం తెల్లబడింది. పోతురాజు వెనక్కి తిరిగాడు.

"ఎవులూ మాటాడకండి. ఊపిరి కూడా నెమ్మదిగా తీయండి."

"నెమ్మదిగా తీత్తే సాలా బాబూ," అంది దాలమ్మ, "లేపోతే ఒకలి తరవాత ఒకలం తీయాలా?"

నవ్వొచ్చి తొమ్మిదిమందీ ఒకేసారి ఊపిరి వదిలారు. అద్దం మీద సున్నం వేసినట్టయింది. సన్నేసమ్మ రెండు చేతులా తుడుస్తోంది. కింద నేను మాత్రం వెచ్చగా, హాయిగా, సిగ్గులేకుండా పడుకున్నాను.

ఆరో మలుపులో నీలకంఠం బ్రేకు వేశాడు. జీపు ఆగింది.

"ఆపీసేవేటి?" అన్నాడు పోతురాజు.

"కనపడ్డంలేదు," అన్నాడు నీలకంఠం. "కనపడకుండా తోలను. ఎనక మనుషులున్నారు."

"మాట గుర్తున్నాదా?"

"గుర్తున్నాది."

పోతురాజు తలుపు గడి మీద చెయ్యి వేశాడు. సన్నేసమ్మ చేతులు తడికి, చలికి కొయ్యబారిపోయాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా మీద పెట్టింది. పెట్టి, ఉలిక్కిపడింది.

"ఇదేటి, ఇది ఎచ్చగా ఉన్నాది?"

నా అంచు కింద వేలు దూర్చింది. కొస పట్టుకుని లాగింది. బంక వదిలింది. ఒక్క బెత్తెడు ఎత్తింది, అంతే. బుస్సుమని గాలి పైకి లేచింది. దానికి ఎదురుగా అద్దం మీద అరచేయంత చోటు తేటపడింది. అందులో చెట్టు కొమ్మ, కొమ్మ మీద కాకి. కాకి మమ్మల్ని చూసింది.

అందరికీ ఒక్కసారే అర్థమైంది. అర్థమై, అందరూ అమ్మవారి పటం వైపు చూశారు. ఎవరు తీస్తారు? నీలకంఠం చెప్పులు విప్పాడు, దండం పెట్టాడు, పటం రెండు చేతులా ఎత్తి చుట్టూ చూశాడు. పెట్టడానికి చోటు లేదు. పోతురాజు ఒళ్లో పెట్టాడు. అమ్మవారు ఒళ్లో ఉండగా తలుపు తీసి దిగడం ఎలా? పోతురాజు గడి మీంచి చెయ్యి తీసి పటం పట్టుకున్నాడు.

నన్ను మాత్రం చరచరా పీకేశారు. నాలుగేళ్ల రాజభోగం నాలుగు క్షణాల్లో పోయింది. అద్దం కింది నుంచి పైకి విచ్చుకుంటూ వచ్చింది. ముందు రోడ్డు, తర్వాత గట్టు, తర్వాత సిల్వర్ ఓక్ చెట్లు, వాటి వెనక ఎర్రగా పొద్దు. ఎప్పుడూ తిరిగే దారినే చూసి జీపు జీపంతా కేరింతలు కొట్టింది. దాలమ్మ చప్పట్లు కొట్టింది. కింద లోయలో మేఘం పరుపులా పరుచుకుని ఉంది. నేనూ చూశాను. అంత అందాన్ని నాలుగేళ్లు నేనే మూసిపెట్టానా అనిపించింది.

ఇంటి ముందు జీపు ఆగింది. పోతురాజు దిగలేదు. అమ్మవారిని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"పటం ఒళ్లో ఉన్నాది, అబద్దమాడలేను," అన్నాడు. "అద్దం తేటబడింది, మంచిదే. కానీ నా మనసు దానికి కుదరలేదు. పిల్లనివ్వనని తెలిసి కూడా ఆపీసేడు సూడు, అక్కడే కుదిరిపోయింది. అప్పుడే సెప్పీసేవోడినే. ఈ గుడ్డ గొడవొచ్చి పడ్డాది."

సన్నేసమ్మ మొహం తిప్పుకుని అద్దం తుడిచింది. తుడవడానికి అద్దం మీద ఏమీ లేదు.

ఇప్పుడు అమ్మవారి పటం అద్దం పైన, కొక్కేనికి వేలాడుతోంది. నన్ను రెండు ముక్కలు చేశారు. 'యాణం' ఉన్న ముక్క స్టెప్నీ టైరు తుడవడానికి వెళ్లింది. 'శుభప్ర' ఉన్న ముక్కని నేను. గేరు రాడ్డు పక్కన ఉంటాను. బయటి మంచు తుడవడం నా ఉద్యోగం. కుచ్చులు ఊడిపోయాయి, రంగు ఇటుకరంగుకి దిగింది. ఇప్పుడు జీపులో నాకంటే నిశ్చింతగా ఎవరూ నిద్రపోరు.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పకండి. బుధవారం సంత నుంచి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు, జీపులో నీలకంఠం, సన్నేసమ్మ ఇద్దరే ఉన్నప్పుడు, లోయ దగ్గర ఓ పక్కకి తీసి ఆపుతారు. నీలకంఠం హీటరు మీట కట్టేస్తాడు. అది పాడవలేదు, నాకు తెలుసు. రెండు ఊపిర్లకి అద్దం నెమ్మదిగా తెల్లబడుతుంది. సన్నేసమ్మ దాని మీద వేలితో తోక ఊపే మైలురాయి బొమ్మ గీస్తుంది. ఆయన హారన్‌లా నవ్వుతాడు. కాసేపటికి నన్ను చేతిలోకి తీసుకుంటాడు.

"తుడిసెయ్యనా?"

"ఉండనీ," అంటుంది.

నన్ను మళ్లీ గేరు రాడ్డు పక్కన పెట్టేస్తాడు.