గుంట పక్క గోడ

"గీ గోడ ఈ వానకు నిలవది. మనం నిద్రల ఉండంగనే మీద పడ్తది. రాసి పెట్టుకోండ్రి."

సుభద్రమ్మ ఈ మాట అన్ననాటికి వాన లేదు, మబ్బు లేదు, వానలు మొదలయ్యే మిరుగు కార్తె రావడానికే ఇంకా నాలుగు రోజులుంది. పొద్దున ఎనిమిదింటికే వాకిట్లో బండలు కాలుతున్నాయి. అయినా అన్నది. ఆరేండ్లుగా మిరుగు ముందర ఆమె అనే మాటే అది. ఇంట్లో ఎవరూ తలెత్తలేదు.

"నువ్వన్న లెక్కన ఈ ఇల్లు ఇప్పటికి ఆరుసార్లు కూలాలె అమ్మా" అన్నాడు కొడుకు ప్రమోద్, సద్ది డబ్బా సంచిలో పెట్టుకుంటూ. "ఒక్కసారన్న కూలకపాయె. నీ నోట్ల బలం లేదు."

"నగు బిడ్డా, నగు. మీ బాపు కూసునేది ఆ గోడకే."

ప్రమోద్ నల్లగొండలో మందుల దుకాణంలో పనిచేస్తాడు. బండి మీద పోయి బండి మీద వస్తాడు. పోయేటప్పుడు లారీ గుద్దుతుందని, వచ్చేటప్పుడు కుక్క అడ్డం వస్తుందని సుభద్రమ్మ రోజుకు రెండుసార్లు భయపడుతుంది. వాడు వీధి మలుపు తిరిగిందాకా నిలబడి చూసి లోపలికి వచ్చింది.

ముందరి అర్రలో గండయ్య నేస్తున్నాడు. వాళ్లది గుంట మగ్గం. నేలలో నడుములోతు గుంట తవ్వి ఉంటుంది; నేసేవాడు గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి చెక్కలు తొక్కుతూ నేస్తాడు. పొద్దున ఆయన కాళ్లు దించకముందే సుభద్రమ్మ చీపురుతో గుంటంతా ఊడ్చి, తేళ్లున్నాయేమోనని టార్చి వేసి చూస్తుంది. గండయ్య వీపుకూ పడమటి మట్టిగోడకూ మధ్య ఒక మూరెడు జాగా. గూనపెంకల బరువంతా ఆ గోడ మీదే.

మధ్యాహ్నం ఆమె రోజూలాగే బిందె తెచ్చి గుంటలో నీళ్లు పోసింది. ఎండకు నూలు పొడిబారితే పుటుక్కున తెగుతుంది, గుంటలో చల్లదనం ఉంటే తెగదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త చెప్పింది, ఎండకాలం మధ్యాహ్నాలు ఒక చెంబుడు నీళ్లు చిలకరించమని. చెంబు చాలదేమోనని సుభద్రమ్మకు భయం. పోగు తెగిన చప్పుడు వింటే ఆమె గుండెలో ఏదో తెగినట్టుండేది. చెంబు బిందె అయింది. ఎండకాలం పని ఏడాది పొడుగునా పని అయింది. ముందువైపు పోస్తే తొక్కుడు చెక్కలు నానిపోతాయని వెనకవైపు, గోడ దిక్కున పోసేది. ఇరవై రెండేండ్లు ఒక్కరోజు తప్పలేదు.

మిరుగు వాన వచ్చింది. రెండు రోజులు దంచి కొట్టింది. గోడకు ఏమీ కాలేదు. సుభద్రమ్మ రెండు రాత్రులు గోడ వైపు మొహం పెట్టి పడుకున్నది, పడేది ముందుగా కనిపిస్తే ఆయన్ను లాగొచ్చని. ఏమీ కాలేదు.

వాన వెలిసిన నాలుగో రోజు, ఎండ కాస్తుండగా, గోడ కిందిభాగం నుంచి చాటంత పెళ్ల ఊడి గండయ్య వెనక పడింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వీపు మీది దుమ్ము దులుపుకున్నాడు. మళ్లీ పేక పోగును అటూ ఇటూ విసిరే నాడె అందుకున్నాడు.

సుభద్రమ్మ అరవలేదు. ఇన్నేండ్లు ఈ క్షణం కోసమే అరుపు దాచుకున్నట్టు ఉండేది. తీరా వస్తే లోపల ఏమీ లేదు. చీపురు తెచ్చి పెళ్లలు ఎత్తింది. మట్టి చేతికి చల్లగా, మెత్తగా తగిలింది. ఎందుకు చల్లగా ఉందో అప్పుడు ఆలోచించలేదు.

ఆ సాయంత్రం ప్రమోద్ వచ్చి గోడ చూశాడు. ఆనాటి నవ్వు మొహంలో లేదు.

"బాపు, ఇగ చాలు. నల్లగొండల రెండర్రల ఇల్లు చూసిన, రెండో అంతస్తు. ఓనరు సోమారం దాక ఆగుతన్నడు. పోదాం."

"మగ్గం?" అన్నది సుభద్రమ్మ గండయ్య బదులు.

"అంతస్తు మీద గుంట ఎట్ల తవ్వుతరమ్మా? కిందోళ్ల మంచంల పడ్తది కాలు." తన మాటకు తనే నవ్వబోయి ఆగాడు. "బట్టల షాపుల మాట్లాడిన. చీరెలు మడత వెట్టే పని. ఫ్యాను కింద కూసుండి చేసుకోవచ్చు."

చీరలు మడత పెట్టే పని. ఆ మాట అర్రలో అట్లాగే నిలబడింది. నాడె ఆ దిక్కు పోయింది, ఈ దిక్కు వచ్చింది.

సుభద్రమ్మకు రెండో అంతస్తు అంటే మెట్లు గుర్తొచ్చాయి. మెట్ల మీద నీళ్లు, నీళ్ల మీద కాలు జారడం, గ్యాసు లీకైతే దిగడానికి ఒక్కటే దారి. అయినా గోడ కింద పడి పోవడం కన్నా నయమే అనుకున్నది. ఆయన బతికి ఉండాలి. ఆమెకు కావలసింది అంతే. మగ్గం లేకుండా ఎట్లా బతుకుతాడో అనేది ఆ తర్వాతి భయం. దాని వరస ఇంకా రాలేదు.

"పోయే ముందర మేస్త్రిని పిలిచి చూపియ్యి బిడ్డా" అన్నది. "బాగైతదంటే బాగు చేసుకుందాం."

శుక్రవారం పొద్దున మేస్త్రి శ్రీశైలం వచ్చాడు. గండయ్యను బావా అని, సుభద్రమ్మను అక్కా అని పిలుస్తాడు. ఊళ్లో సగం ఇండ్లు ఆయన చేతి మీద లేచినవే. దారానికి గుండు కట్టి గోడ పక్కన వేలాడదీసి చూశాడు, వేళ్లతో కొట్టి చూశాడు, చివరికి ఇనుప చువ్వ తీసుకుని గోడ మొదట్లో పొడిచాడు. చువ్వ జొన్నపిండిలో దిగినట్టు జానెడు దిగింది.

"బయటికెల్లి చూస్తే రాయి లెక్క ఉన్నది. లోపల పిండి." చువ్వ బయటికి లాగి కొనకు అంటిన మట్టిని వేళ్లతో నలిపాడు. "గీ తడి పైకెల్లి రాలే బావా. కిందికెల్లి ఎక్కింది. ఇది వాన తడి గాదు, ఏండ్ల తడి. గీడ పాత బాయి ఉండెనా? నల్లా పైపు గిట్ల పలిగిందా?"

సుభద్రమ్మ చేతిలో ఆయనకు ఇద్దామని తెచ్చిన చాయ్ గ్లాసు ఉంది. గ్లాసు వేడి వేళ్లకు తెలియడం మానేసింది.

"చెప్పక్కా, నీళ్లు ఏడికెల్లి వచ్చినయ్?"

"ఏమో" అన్నది.

మగ్గం మీద నాడె ఆగింది. ఒక్క దెబ్బ పడేంతసేపు ఆగి మళ్లీ కదిలింది. అది సుభద్రమ్మకు తప్ప ఎవరికీ వినిపించలేదు.

శ్రీశైలం చాయ్ తాగుతూ చెప్పాడు. "ఇల్లు ఉంచుకోవాల్నంటే గుంట పూడ్వాలె. రెండెండకాలాలు ఎండనియ్యాలె. గప్పుడు కొత్తగ పునాది తీసి గోడ లేపుత. తడి మీద లేపితే గోడతోని నా పేరు గూడ కూల్తది. అందాక ఎవలు ఈ అర్రల కూసోవద్దు, పండొద్దు."

"నడుమ అర్రల గుంట తవ్వుకుంటే?" అన్నాడు ప్రమోద్.

"గా తడి గాడికి నడిచి రాదా తమ్మీ? ఈ నాలుగ్గోడల నడుమ గుంట వద్దు. ఇగ మీ ఇష్టం."

"మరి స్టాండు మగ్గం?" ప్రమోద్ ఈసారి తండ్రినే అడిగాడు. స్టాండు మగ్గం గుంట లేకుండా నేల మీద నిలబెట్టేది. మూడేండ్ల కింద చేనేత సంఘం షెడ్డులో గండయ్య దాని మీద వారం రోజులు కూర్చున్నాడు. ఎనిమిదో రోజు పోలేదు. ఏమైందని అడిగితే, "కాళ్లకు నేల దొరుకుతలేదు" అన్నాడు, అంతే.

శ్రీశైలం పోయాక పక్కింటి నాగులమ్మ వచ్చింది, ఊడిన పెళ్లలు చూడటానికి. మోకాళ్లు పట్టేసి పోయినేడే ఆమె మేకలన్నీ అమ్మేసింది.

"నల్లగొండ ఎందుకే సుభద్రా, ఎక్కుడు దిగుడు. మా మేకల కొట్టం ఖాళీగనే ఉన్నది, వచ్చి పండుండ్రి. మేకలు నాకెన్నడు కిరాయి ఇయ్యలే, మీరియ్యకున్నా నడుస్తది."

"పిడుదులు పీకుతయి గాడ" అన్నది సుభద్రమ్మ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పీకితే పీకుతయి. నీ మొగడు అప్పుడన్న నోరు తెరుస్తడు."

నాగులమ్మ తన హాస్యానికి తనే నవ్వుకుని పోయింది. సుభద్రమ్మ నవ్వలేదు. బిందె వైపు చూసింది. మధ్యాహ్నం అయింది. లేచి బిందె పట్టుకున్నది, అలవాటు కొద్దీ నింపింది, గుంట దాకా తెచ్చింది. అక్కడ నిలబడిపోయింది. గండయ్య తల తిప్పలేదు. ఆమె బిందెను అట్లాగే తీసుకుపోయి వాకిట్లో కుమ్మరించింది.

ఇన్నేండ్లు పైకి చూసి భయపడింది. పెంకలు తిప్పించింది, తాడ్పత్రి కప్పించింది, బయట సిమెంటు పూయించింది. నీళ్లు మాత్రం తన చేతి నుంచే పోయాయి. ఏడుపు వస్తుందేమోనని కాసేపు అరుగు మీద కూర్చున్నది. రాలేదు. కూర్చున్న చోట కాళ్లు తిమ్మిరెక్కాయి, అంతే.

శనివారం గండయ్య మాట్లాడలేదు. ఆయన మాటలు మామూలుగానే తక్కువ; అన్నం పెట్టమనడానికి చెంబు ముందుకు జరుపుతాడు, వద్దనడానికి చెయ్యి అడ్డం పెడతాడు. కానీ ఇది ఆ తక్కువ కాదు. ఆయనకు తెలుసు. రోజూ ఆ తడిలోనే కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి. మేస్త్రి ముందర ఆమె "ఏమో" అన్నప్పుడు కూడా ఆయనకు తెలుసు. సుభద్రమ్మ నాలుగుసార్లు చెబుదామని మగ్గం దాకా పోయి, పోగు సరిచూసినట్టు చేసి వెనక్కి వచ్చింది.

వద్దని ఎంత చెప్పినా గండయ్య ఆ గోడ పక్కనే కూర్చున్నాడు. పడుగులో ఆఖరి చీర మీద ఉన్నాడు. ప్రమోద్ గోడకు రెండు దుంగలు ఆనించి పెట్టాడు. సుభద్రమ్మ ఆ దుంగలకు ఎదురుగా కూర్చుని నూలు కండెలు చుట్టింది. పడితే ఇద్దరి మీదా పడుతుందిలే అనిపించింది. ఆ ఆలోచనలో భయం లేకపోవడం చూసి ఆమెకే వింతగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నానికి చీర అయిపోయింది. గండయ్య బట్ట వరకు కోసి తీశాడు. దువ్వెనలా పోగులను పట్టి ఉంచే అచ్చులో మిగిలిన కొనలు కుచ్చులా ముందుకు వేలాడుతున్నాయి. అదే సమయానికి నూలిచ్చి చీరలు నేయించుకునే చండూరు ఆసామి పంపిన కొత్త పడుగు వచ్చింది. మామూలుగా అయితే అతుకు పని సుభద్రమ్మది. వేళ్లకు బూడిద రాసుకుని, కొత్త పడుగు పోగునూ అచ్చులోని పాత పోగునూ ఒక్కొక్కటిగా కలిపి మెలిపెడుతుంది. వేల పోగులు, రెండు రోజుల పని. పాత పడుగు కొసకు కొత్త పడుగు, దాని కొసకు ఇంకొకటి. అట్లా మగ్గం నడుస్తూ పోతుంది. అతుకు పెట్టకుండా అచ్చు కోసి తీయడమంటే మగ్గం ఎత్తేయడమే.

సాయంత్రం ఐదైంది. ప్రమోద్ ఫోన్ చేతిలో పట్టుకుని గడపలో నిలబడ్డాడు.

"రేపు సోమారం బాపు. ఓనరుకు ఏం చెప్పాలె?"

గండయ్య గుంట అంచున కూర్చుని ఉన్నాడు. కాళ్లు లోపలే ఉన్నాయి, చేతిలో నాడె లేదు.

సుభద్రమ్మ బూడిద గిన్నె తెచ్చి అచ్చు ముందర కూర్చున్నది. వేళ్లు బూడిదలో ముంచింది. ముంచి ఆపింది.

"నీళ్లు నేనే పోసిన" అన్నది. గొంతు మామూలుగానే ఉంది. "అత్తమ్మ చెంబుడు అన్నది. నేను బిందెలకు బిందెలు పోసిన. గోడ దిక్కే పోసిన. మేస్త్రి అడిగితే ఏమో అన్న."

ప్రమోద్ తల్లి వైపు చూశాడు, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"గిప్పుడు చెప్పయ్యా. అతుకు వెట్టాల్నా, వద్దా?"

వాకిట్లో ఎండ గోడ ఎక్కి పెంకల అంచు దాకా పోయింది. పక్కింట్లో నాగులమ్మ ఎవరినో కోళ్లను గంప కింద కమ్ముకోమని కేకేసింది. ప్రమోద్ గడపలోనే కూర్చున్నాడు. సుభద్రమ్మ వేళ్ల మీది బూడిద ఆరి తెల్లబడింది. ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నది. ఆయన తిడితే బాగుండునని అనుకోలేదు, తిట్టకపోతే బాగుండునని కూడా అనుకోలేదు.

గండయ్య గుంటలోంచి ఒక కాలు పైకి తీశాడు. అరికాలు తెల్లగా నాని, ముడతలు పడి ఉంది. దాన్ని అరచేత్తో తుడుచుకున్నాడు. రెండో కాలు తీశాడు. అదీ తుడుచుకున్నాడు. అప్పుడు అన్నాడు:

"అతకకు. అచ్చు కోసి చుట్టుదాం. ఈ ఇల్లు రెండెండకాలాలు ఎండనీ." తర్వాత కొడుకు వైపు కాక ఆమె వైపే తిరిగాడు. "నాగులమ్మను అడుగు, మేకల కొట్టంల నేల మట్టిదేనా, గచ్చు చేయించిందా? మట్టిదైతే గాడ గుంట తవ్వుకుంట. నీళ్లు మాత్రం చెంబుతోనే పొయ్యి."