వైరు లేని గ్రైండర్

మా ఆయన చోటే సాహెబ్‌కు భయమన్నది లేదని మా కోట ఊళ్లో అందరూ మెచ్చుకుంటారు. ఆయన వంతు భయం కూడా నేనే పడుతుంటే ఆయనకెందుకుంటుంది?

పాత తలుపుల రంగు గీకి, నున్నగా అరగదీసి, పాలిష్ పట్టడం ఆయన పని. పాతికేళ్ల కిందట కావలి ఊళ్లో పనిచేసేటప్పుడు, పక్కనున్న ఓబయ్య చెక్క అరగదీసే గ్రైండర్‌కు చక్రం మారుస్తుంటే ఎవరో తెలియక స్విచ్ వేశారు. ఓబయ్యకు రెండు వేళ్లు పోయాయి. ఆ రాత్రి అన్నం ముట్టని మా ఆయన, తెల్లారి లేచి తన గ్రైండర్ చక్రం విప్పే కీని చేపల వలకు వాడే గట్టి వలతాడుతో వైరు కొసన ప్లగ్గు దగ్గర కట్టేశాడు. ప్లగ్గు పీకి దగ్గరకు తెచ్చుకుంటే తప్ప కీ చక్రానికి అందదు. ఆ తాడును నమ్ముకొని నేను పాతికేళ్లు నిద్రపోయాను.

రంజాన్‌కు మా మరిది తహీర్ కృష్ణపట్నం నుంచి వస్తూ వైరు లేని గ్రైండర్ తెచ్చాడు. బ్యాటరీతో తిరుగుతుంది. కళ్లద్దాలు పెట్టుకోమని, ముక్కుకు గుడ్డ కట్టుకోమని, చక్రం మీది అడ్డు రేకు తీయొద్దని చెప్పాడు. మా ఆయన అన్నీ విన్నాడు. మరి వైరే లేని మిషనుకు కీ ఎక్కడ కట్టాలి? ఆ వలతాడుకే ఇంకో ముక్క ముడేసి మెడలో వేసుకున్నాడు.

“అది చక్రంలో పడితే?” అన్నాను.

“పడదులేవే. చొక్కా లోపల ఉండాదిగా.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మొన్న గురువారం మా వాకిట్లో జయరామయ్య గారి తలుపు రెండు బల్లల మీద పెట్టి అరగదీస్తున్నాడు. రైతు ఇంటి తలుపు, ఆయన తాతల నాటిది. నేను వసారాలో చీరకు ఫాల్ కుడుతున్నాను. మధ్యాహ్నం మూడింటప్పుడు కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది.

“కరెంటు పోయినాదిలే, ఈలోపల చక్రం మార్చేస్తా,” అన్నాడు.

పాతికేళ్లుగా వింటున్న మాట కదా, నాకూ మామూలుగానే వినిపించింది. తలెత్తి చూసేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. గ్రైండర్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు. బ్యాటరీ దానికే ఉంది. మెడలో తాడు తీయకుండానే వంగి కీని చక్రానికి తగిలించాడు. మోచేయి స్విచ్ పక్కనే ఆడుతోంది. ఆ స్విచ్ కదిలిందంటే చక్రం తాడును చుట్టుకుంటుంది, తాడు ఆయన మెడను చక్రం మీదికి లాగుతుంది. వలతాడు తెగదు.

అరవబోయి నోరు మూసుకున్నాను. అరిస్తే గభాల్న తిరిగి మోచేయి స్విచ్‌కు తగిలిస్తాడు. కత్తెర పట్టుకొని లేచాను. ఎనిమిది అడుగుల దూరం, మెల్లగా నడిచి ఆయన వెనక్కి చేరాను.

“కాలరుకు దారం వేలాడతా ఉండాది. కత్తిరిస్తా, కదలబాకండి,” అన్నాను. గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో అల్లాకే తెలియాలి.

“ఇప్పుడా నీకు దారాలు?” అని విసుక్కుంటూనే మెడ వంచాడు.

తాడు కింద కత్తెర దూర్చి నొక్కాను. తెగలేదు. మళ్లీ నొక్కాను. తెగింది.

“ఏందే, తాడు కోసేసినావా!” అని గిరుక్కున తిరిగాడు. మోచేయి తగిలింది.

గ్రైండర్ బొయ్యిమంది. తాడు ఒక్క లాగున చక్రంలోకి పోయింది. కీ ఎగిరి, ఆయన చెవి పక్కగా పోయి, జయరామయ్య గారి తలుపులో దిగబడింది. మిషను ఒళ్లోంచి కిందపడి ఆగింది. రేకు అడ్డు ఉండబట్టి లుంగీ చిరిగింది గానీ తొడ మిగిలింది.

ఆయన మెడ తడుముకుంటూ కూర్చుండిపోయాడు. నేను తిట్టాను, ఏడ్చాను, మళ్లీ తిట్టాను.

ఇప్పుడు కీ నా వక్కల డబ్బాలో ఉంది. చక్రం మార్చాలంటే ఆయన బ్యాటరీ ఊడదీసి, వసారాలోకి వచ్చి నా చేతిలో పెట్టాలి. అప్పుడే కీ ఇస్తాను.

“ప్లగ్గు పీకినట్టే గదే,” అని మొదటిరోజు నవ్వబోయాడు. నేను నవ్వలేదు.

ఆయన చక్రం మార్చుకున్నంతసేపు ఆ బ్యాటరీ వేడివేడిగా నా ఒళ్లో ఉంటుంది. ఆ కాసేపే నాకు ఊపిరాడుతుంది. తర్వాత వచ్చి కీ ఇచ్చేసి బ్యాటరీకి చెయ్యి చాస్తాడు, ఇవ్వక తప్పదు.