సగం దించిన షట్టర్

నేను ఒక ఇనుప షట్టర్‌ని. గరగరమంటూ కిందికి దిగడం, చుట్ట చుట్టుకుని పైన పెట్టెలో పడుకోవడం, నాకొచ్చిన విద్యలు ఈ రెండే. ఇంత చిన్న చదువుకి జీవితంలో పెద్ద చిక్కులేవీ రాకూడదు. కానీ నన్ను కొనుక్కున్నది మనుషులు కాబట్టి వచ్చాయి.

బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. పట్టీని పట్టీలోకి దూర్చి నన్ను అల్లినవాడు పని అయ్యేదాకా ఎవరినో తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లే నాకు జోలపాటలు. ఆకుపచ్చ రంగు పూసి, ట్రాలీ ఎక్కించి, సికింద్రాబాద్ లాలాగూడలో ఒక బియ్యం కొట్టుకి బిగించారు. కొట్టు యజమాని సత్తెయ్య పొద్దున్నే నన్ను లేపి అగరుబత్తి వెలిగించేవాడు, రాత్రి దించి రెండు తాళాలు వేసేవాడు. తాళాలు లాగి చూసుకుని సందు చివరిదాకా వెళ్ళి, అనుమానమొచ్చి వెనక్కొచ్చి మళ్ళీ లాగేవాడు. తాళాన్నీ తన చేతినీ రెండింటినీ నమ్మని మనిషి. అయినా ఆ రోజులే నయం. లేస్తే తెరిచినట్టు, దిగితే మూసినట్టు. నాకే గందరగోళమూ లేదు.

సత్తెయ్య పోయాక కొడుకులు కొట్టు అమ్మేశారు. నరహరి గౌడ్ కొని, బస్తాలు పేర్చిన చోట బల్లలు వేసి, గోడకి టీవీ తగిలించి 'నవజ్యోతి బార్ అండ్ రెస్టారెంట్' అని బోర్డు పెట్టాడు. అక్కడితో నా మతి పోవడం మొదలైంది.

బారుకి మూసే వేళ అంటూ ఒకటుంటుంది. ఆ వేళకి నన్ను దించాలి. దించేవారు, కానీ నేలదాకా కాదు, నడుం ఎత్తుకి. రోడ్డు మీద పోయేవాళ్ళకి నేను మూసి ఉన్నట్టు, లోపల కూర్చున్నవాళ్ళకి తెరిచి ఉన్నట్టు. గ్లాసులో మిగిలింది తాగి వెళ్ళమని లోపలివాళ్ళకి ఇచ్చిన వెసులుబాటుగా మొదలైంది ఇది. తర్వాత తర్వాత, వంగి బయటికి పోయేవాళ్ళకన్నా వంగి లోపలికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. పొద్దంతా బార్లా తెరుచుకుని ఉంటే ఇటు తొంగిచూడని పెద్దమనుషులు, నేను సగం దిగగానే నడుం పట్టుకుని మరీ దూరేవారు. వీళ్ళకి తలుపు కావాలా, గోడ కావాలా అని నేను తల బద్దలు కొట్టుకునేవాణ్ణి.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆ వేళప్పుడు నేను పూర్తిగా పైకి లేచి, లైట్లన్నీ వెలిగాయంటే ఒకటే అర్థం: తనిఖీ. అలాంటప్పుడు అందరూ వంటింటి తలుపులోంచి వెనక సందులోకి మాయమయ్యేవారు. ఏడాదికో మారు జరిగేది. అయినా ఆ పాఠం గిరాకీలందరికీ నోటికి వచ్చు.

నన్ను దించేదీ లేపేదీ రాయప్ప. బారులో పెద్ద వెయిటర్. కుర్రతనంలో రైల్వే వర్క్‌షాప్ జట్టులో ఫుట్‌బాల్ ఆడేవాడట. మోకాలు విరిగి ఆట పోయింది, ఆటతోపాటు వస్తుందనుకున్న రైల్వే ఉద్యోగమూ పోయింది. ఆట మీద మోజు మాత్రం పోలేదు. నాలుగేళ్ళకోసారి ప్రపంచ కప్పు వస్తే మనిషి కాలు నిలిచేది కాదు. కానీ పెద్ద ఆటలన్నీ మన దేశంలో అర్ధరాత్రి వేళకి మొదలవుతాయి, అంటే మేం మూసుకునే వేళకి. ఇంట్లో చూద్దామంటే ఉన్నది ఒకటే గది. భార్య ఆరోగ్యమ్మ ఆస్పత్రిలో ఆయా, తెల్లారకముందే డ్యూటీకి పోవాలి. ఆమె నిద్ర చెడగొట్టి టీవీ పెట్టేంత కఠినుడు కాడు. అలా ఎన్ని కప్పులు వచ్చినా, ఒక్క ఫైనల్ కూడా మొదటినుంచి చివరిదాకా కళ్ళారా చూడలేదు. మర్నాడు పేపర్లో బొమ్మ చూసి, "అబ్బ, ఈ గోల్ ఎట్ల కొట్టిండో!" అని నాతోనే అనేవాడు. నన్ను తుడిచేటప్పుడు మాట్లాడటం అతనికి అలవాటు.

బారుకీ వయసు మీద పడింది. పక్క వీధుల్లో చల్లటి గదులూ రంగుల దీపాలూ ఉన్న కొత్తవి వచ్చాయి. మా బల్లల దగ్గర ఈగలు తోలుకోవడమే పనైంది. సెల్‌ఫోన్ల షోరూమ్ వాళ్ళు స్థలం కోసం నరహరి చుట్టూ తిరగసాగారు. ఒక మధ్యాహ్నం ఆయన రాయప్పని పిలిచి, బారు మూసి స్థలం వాళ్ళకి ఇచ్చేస్తానని ఉన్న మాట చెప్పేశాడు. యాభై దాటి, కుంటుతూ నడిచే వెయిటర్‌కి కొత్త బార్లలో పని ఎవరిస్తారు?  రాయప్ప బతిమాలుకున్నాడు.

"సేట్, ఈ ఫుట్‌బాల్ కప్పు అయ్యేదాంక ఆగుండ్రి. లాలాగూడల ఆటంటే పానమిచ్చెటోళ్ళు ఎంతమంది లేరు! మస్తు జనమొస్తరు."

"ఆట సురువయ్యేది మనం బంద్ చేసినంక గదా."

"టైం పెంచమని దరఖాస్తు పెడదాం. ఆట ఒడిసేదాంక తెరిచి ఉంచుకోమని ఈసారి సర్కారే ఇస్తున్నదట."

నరహరి గడ్డం గోక్కున్నాడు. "సరే. ఈ ఒక్క కప్పు. గిరాకీ లేకుంటే షోరూమోళ్ళకు ఇచ్చేస్త. మల్ల నన్ననొద్దు."

అనుమతి వచ్చింది. రాయప్ప దాన్ని అద్దం కట్టించి కౌంటర్ వెనక, దేవుడి పటం పక్కన తగిలించాడు. అతని ఉద్యోగమూ, చూడక మిగిలిపోయిన ఫైనలూ రెండూ ఇప్పుడు ఆ అద్దంలోనే ఉన్నాయి.

మొదటి ఆట రోజు మూసే వేళ దాటింది. నన్నెవరూ ముట్టుకోలేదు. పెట్టెలో చుట్టుకుని పడుకున్నానే గానీ, ఒళ్ళంతా ఏదో తప్పు చేస్తున్నట్టుగా ఉంది. నా అడుగు పట్టీ ఒక్కటే బయటికి వేలాడుతుంది, చూసేదంతా దాంతోనే. లైట్లు వెలుగుతున్నాయి. టీవీలో వేలమంది అరుస్తున్నారు. లోపల ఒక్క నరపురుగు లేదు! ఉన్న ఇద్దరూ మూసే వేళ కాగానే దిక్కులు చూసుకుంటూ లేచిపోయారు. నరహరి గల్లాపెట్టె దగ్గర ఆవలిస్తున్నాడు. రాయప్ప ఖాళీ బల్లల్ని తుడిచిందే తుడుస్తున్నాడు.

అంతలో పానకాలరావు వచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నా కింద ఆయన వంగినన్నిసార్లు ఇంకెవరూ వంగి ఉండరు. గుమ్మం దాకా వచ్చి, పైకి చూసి, ఏమీ ఎరగనట్టు పక్కనున్న పాన్ డబ్బా కొట్టు వైపు తిరిగాడు. రాయప్ప కుంటుకుంటూ వెంటపడ్డాడు.

"గార్డు సార్! ఏంది, గట్ల పోతున్నరు?"

"లోపల తనిఖీయా?" గొంతు బాగా తగ్గించి అడిగాడు పానకాలరావు.

"తనిఖీ లేదు, ఏం లేదు. సర్కారే పర్మిషన్ ఇచ్చింది. రాండ్రి సార్."

"నాకు చెప్తావేంటోయ్! సర్వీసంతా సిగ్నల్ చూసి జెండా ఊపినవాణ్ణి. షట్టర్ ఫుల్లుగా లేచుంటే దానర్థం నాకు తెలీదూ? ఎవరో నీచేత చెప్పిస్తున్నారు. నువ్వు జాగ్రత్త."

రాయప్ప రోడ్డు మీద నిలబడిపోయాడు. పాన్ డబ్బా దగ్గర, బస్టాపు దగ్గర, చీకటి అరుగుల మీద తెలిసిన మొహాలే కనిపిస్తున్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్కరూ కదలడం లేదు. రాయప్ప లోపలికొచ్చి, కొక్కెం కర్ర తీసి, నన్ను నడుం దాకా లాగాడు. ముందువైపు లైట్లు రెండు ఆర్పేశాడు.

పానకాలరావే ముందు దూరాడు. "ఇప్పుడు కదా లైన్ క్లియర్ ఇచ్చావు!" అన్నాడు నడుం నిమురుకుంటూ. ఆయన వెనకే ఒకరి తర్వాత ఒకరు. ఆట సగానికి వచ్చేసరికి కుర్చీలు చాల్లేదు.

ఆ నెలంతా అదే తంతు. తెరిచి ఉంచుకోమని సర్కారు అనుమతి ఇచ్చింది, ఆ అనుమతిని అద్దంలో పెట్టుకుని మేం మూసినట్టు నటించాం. నరహరి గిరాకీని చూసి మురిసిపోతూనే, "పర్మిషన్ తెచ్చుకున్నది షట్టర్ దించనీకా రాయప్ప?" అని బిక్కమొహం వేసేవాడు. నేనూ ఎంత ఆలోచించినా తలా తోకా దొరకలేదు. వద్దంటే వచ్చేవాళ్ళు, రమ్మంటే భయపడేవాళ్ళు. ఇలాంటివాళ్ళ కోసం తలుపులు చేయడం ఆ బాలానగర్ మనిషికి కూడా చిరాకే అయ్యుంటుంది, అందుకే అన్ని తిట్లు.

రాయప్పకి మాత్రం ఇవేవీ పట్టలేదు. బల్లల మధ్య పరుగులు పెడుతూ, ఆర్డర్‌కీ ఆర్డర్‌కీ మధ్య తల తిప్పి ఒక్క క్షణం తెర చూసుకునేవాడు. ముక్కలు ముక్కలుగానే. అయినా మొహం వెలిగిపోయేది. "ఫైనల్ నాడు ఎట్లన్న జేసి నిలబడి చూస్త. షోరూమోళ్ళు గూడ ఈ నడుమ రాట్లే, చూసినవా?" అని నన్ను తుడుస్తూ చెప్పాడు. నాకూ సంతోషమనిపించింది. తుప్పు పట్టే వయసులో నాక్కూడా ఒక ఆశ.

ఫైనల్ రోజు నిలబడడానికి చోటు లేదు. పానకాలరావు చీకటి పడకముందే వచ్చి ముందు కుర్చీ ఆక్రమించాడు. తెరమీద నీలం చొక్కాలవాళ్ళూ తెల్ల చొక్కాలవాళ్ళూ ఒకరినొకరు వదల్లేదు. అదనపు సమయం కూడా సమానంగానే అయిపోయింది. ఇక పెనాల్టీలన్నారు. 

అప్పుడే బయట జీపు ఆగింది. ఎక్సైజు ఇన్‌స్పెక్టరమ్మ. కొత్తగా వచ్చిన అమ్మాయి, ఇస్త్రీ మడత నలగని యూనిఫారం. లాఠీతో నన్ను రెండు పోట్లు పొడిచింది. రాయప్ప అద్దం కట్టిన అనుమతి పట్టుకుని కింద నుంచి బయటికి దూరాడు.

ఆమె టార్చి వేసి చదివింది. చదివిన కొద్దీ ఆమె మొహంలోనూ అయోమయం. "పర్మిషన్ ఉంది కదా. మరి షట్టర్ ఎందుకు దించారు?"

దీనికి జవాబు నాకే తెలియదు, అతనేం చెప్తాడు? "అలవాటు మేడం" అన్నాడు.

"తెరిచి పెట్టుకోమని ఇచ్చాం, దాచిపెట్టి నడపమని కాదు. నేను లోపల చూడాలి. పైకి లేపండి."

"మీరు రాండ్రి మేడం, జర వంగితే సరిపోతది..."

"నేను వంగి రాను."

రాయప్ప చేతులు జోడించాడు. "మేడం, పెనాల్టీలు నడుస్తున్నయి. పది నిమిషాలు ఆగుండ్రి. అయిపోంగనే నేనే లేపుత. మీ కాల్మొక్త." లేపితే ఏమవుతుందో అతనికి తెలుసు, నాకు తెలుసు. ఆ పిల్లకి తెలియదు. ఆమె ససేమిరా అంది. ఆమె తప్పేం ఉంది, తెరిచిన తలుపు తెరిచి ఉండాలనడమే కదా!

రాయప్ప నన్ను ఎత్తాడు. నేను వీలైనంత నిదానంగా లేచాను, నోరు మూసుకుని లేవాలనే చూశాను. ఇనుము కదా, ఎంత అణుచుకున్నా ఆ గరగర ఆగలేదు. బారులోని తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. అంతే! కుర్చీలు బోర్లాపడ్డాయి, చెప్పులు ఊడాయి. పానకాలరావు పల్లీల ప్లేటుతో సహా వంటింట్లోకి దూకాడు. "పర్మిషనుంది! ఆగుండ్రి! ఏం గాదు!" అని రాయప్ప గొంతు చించుకుంటున్నాడు. ఎవరు వింటారు? ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి అడుగు పెట్టేసరికి టీవీ ముందు ఖాళీ కుర్చీలున్నాయి.

ఆమె నోరెళ్ళబెట్టింది. "ఎందుకు పారిపోయారు? నేనేమన్నానని?"

నరహరి ఆమెకి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. అనుమతి మీద తేదీ ఇంకోసారి చూసి, "అంతా సరిగ్గానే ఉంది" అని తనలో తాను అనుకున్నట్టు అని, జీపెక్కి వెళ్ళిపోయింది. అంత దిగులుగా సరిగ్గా ఉండటం నేనెక్కడా చూడలేదు.

రాయప్ప పడిపోయిన కుర్చీలు ఎత్తడానికి వంగాడు.

"ఇడిచిపెట్టు. కూసో" అన్నాడు నరహరి.

అన్నేళ్ళలో రాయప్ప ఆ కుర్చీల్లో కూర్చోవడం నేను చూడలేదు. తడబడుతూ ముందు కుర్చీ అంచున కూర్చున్నాడు. నరహరి వచ్చి పక్కన కూర్చున్నాడు. తెల్ల చొక్కా ఒకటి వచ్చి తన్నింది, నీలం చొక్కా ఒకటి వచ్చి తన్నింది. రాయప్ప విరిగిన మోకాలు కూడా వాళ్ళతోపాటు కదులుతోంది. నీలం చొక్కా తన్నిన చివరి బంతిని తెల్ల చొక్కాల గోల్‌కీపర్ ఆపేశాడు. తెల్ల చొక్కాలు పచ్చిక మీద ఒకరి మీద ఒకరు పడిపోయారు. రాయప్ప చేతులు పైకెత్తి లేచి, అరవబోయి, ఎవరూ లేరని గుర్తొచ్చి, చేతులు దించేశాడు. అతన్ని చూసి నాకు ఏడుపొచ్చింది. ఇనుముకి ఏడుపేమిటని నవ్వుకోండి, పర్వాలేదు.

కప్పు ఇచ్చేదాకా ఇద్దరూ చూశారు. టీవీ ఆపాక రాయప్ప కొక్కెం కర్ర తీసుకుని అలవాటుగా నన్ను సగానికి లాగి ఆగాడు.

"పూర్తిగ దించు" అన్నాడు నరహరి. "పొద్దుగాల షోరూమోళ్ళ అద్దాలోళ్ళు కొలతలకొస్తున్నరు."

రాయప్ప కర్ర గోడకి ఆనించాడు. "ఎన్నడిచ్చిండ్రు సేట్?"

"పోయిన వారమే సంతకం పెట్టిన. ఈ గిరాకీ కప్పుదాకనే గదా రాయప్ప, తెల్లారినుంచి మల్ల ఎవ్వరొస్తరు? అప్పుడే చెప్దామనుకున్న. నీ మొఖం చూసినంక నోరు రాలే. ఆట అయితే అయిపోనీ అనుకున్న."

 రాయప్ప తిడతాడనుకున్నాను, కాళ్ళమీద పడతాడనుకున్నాను. ఇద్దరూ బయటికొచ్చారు. రాయప్ప నా మీద కాలు పెట్టి నేలదాకా తొక్కాడు, తాళం వేశాడు. తాళంచెవి నరహరి చేతిలో పెడుతూ అన్నాడు:

"గెలిచినోళ్ళు గూడ ఏడ్సిండ్రు సేట్. చూసిండ్రా?"

"చూసిన" అన్నాడు నరహరి.

కుంటి అడుగు సందు మలుపుదాకా వినిపించింది. ఆ తర్వాత అతన్ని నేను చూడలేదు. మూడో రోజుకి నన్ను విప్పి, గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి, పాత ఇనుప సామాన్ల దుకాణం వెనక పడేశారు. ఇప్పుడు నా మీద ఒక కుక్క పడుకుంటోంది. ఎప్పుడు కరిగిస్తారో ఏమో. తెరవడమేంటో మూయడమేంటో అనే పాత చిక్కుని నేనెప్పుడో వదిలేశాను. పొద్దుపోనప్పుడు ఒకటే ఆలోచిస్తుంటాను. కప్పు చేతికొచ్చాక ఆ తెల్ల చొక్కాలవాళ్ళు ఎందుకు ఏడ్చారా అని, ఆ రాత్రి అన్నీ పోగొట్టుకున్న రాయప్ప ఎందుకు ఏడవలేదా అని.