మడమ మండిన చోట

"చేతులు కడుక్కుని వచ్చి ఇక్కడొక సంతకం పెట్టు" అన్నాడు మా ఆయన ప్రవీణ్. నేను పెరట్లో బండ మీద బొమ్మిడాయిలను ఉప్పేసి రుద్దుతున్నాను. జిగట పోయేదాకా రుద్దాలి, లేకపోతే పులుసు నీచు కొడుతుంది. మధ్యాహ్నం మా ఆయన డిపార్టుమెంటు హెడ్డు గంగాధరం గారు భోజనానికి వస్తున్నారు. సోమవారం మా ఆయనకి ప్రొఫెసర్ ఇంటర్వ్యూ.

"చేపలయ్యాక పెడతాలే" అన్నాను.

"ఊరికే ఫార్మాలిటీ వినీలా. చదవాల్సిన పని కూడా లేదు" అని కాగితాన్ని కిటికీలో ఉంచి, ఎగిరిపోకుండా దాని మీద ఉప్పు డబ్బా పెట్టి వెళ్ళాడు.

చదవాల్సిన పని లేదన్నాడు కాబట్టే చదివాను. తొమ్మిదేళ్ళ కిందట మా ఇద్దరి పేర్లతో అచ్చయిన వ్యాసంలో ఎవరి పని ఎంతో తెలిపే, ఇంటర్వ్యూలో ఇవ్వాల్సిన ఫారం అది. ఆలోచన, ప్రవీణ్. విశ్లేషణ, రచన, ప్రవీణ్. క్షేత్ర పనిలో సాయం, వినీల. రొయ్యల గుంటల ఉప్పు పక్కనున్న వరి పొలాల్లోకి ఎంత దూరం పాకుతుంది, ఆ దూరంలో పంటా భూమి విలువా ఎలా పడిపోతాయి అని తేల్చిన వ్యాసం. ఇప్పటికి మూడు వందల పన్నెండు మంది తమ వ్యాసాల్లో దాన్ని ఉదహరించారు. ఆ దూరానికి సెమినార్లలో 'ప్రవీణ్ రేఖ' అని పేరు కూడా స్థిరపడింది. ఆ మాట నేను మొదటిసారి విన్నది మా ఇంటి హాల్లోనే, అతిథులకు టీ అందిస్తూ. అందులో ఒకాయన "మీరు కూడా చదువుకున్నారా అమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగారు. డాక్టరేట్ ఇద్దరికీ ఒకే ఏడాది వచ్చింది. నేను ఇప్పటికీ గెస్టు లెక్చరర్నే.

ఆ గీత గీసింది నేను. నాలుగు నెలలపాటు పొద్దున్నే వంట ముగించి, అత్తయ్య కామమ్మకి మాత్రలు తీసిపెట్టి, పాపకి జడలేసి, నెల్లూరులో అల్లూరు బస్సెక్కేదాన్ని. "పొలాలెంబడి తిరిగే చదువేంది తల్లీ, ఇంటి కోడలికి" అనేది అత్తయ్య. ప్రవీణ్ రెండుసార్లు వచ్చాడు. బూట్లకి బురదవుతుందని రెండుసార్లూ గట్టు దిగలేదు. లెక్కలు కట్టిందీ నేనే, రాసిందీ నేనే. పంపేటప్పుడు మాత్రం "నా పేరు ముందుంటే త్వరగా తీసుకుంటారు. మనలో ఎవరిదైతే ఏముంది" అన్నాడు. ఆ 'మన' అనే మాటకి కరిగిపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెన్ను తీసుకుని, ఆలోచన అన్న గడిలో ప్రవీణ్ పేరు కొట్టేశాను. దాని పైన 'వి' అని రాశానో లేదో, వేళ్ళ పగుళ్ళలో ఉప్పు చురుక్కుమంది. ఆ మంట నాకు కొత్త కాదు.

అల్లూరులో మొదటి రోజు ఉప్పు కొలిచే మీటరు పట్టుకుని, ఏ మడిలో మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాను. నాట్లేస్తున్న చెంచులక్ష్మి నడుమెత్తి చూసింది.

"ఆ డబ్బా ఎందుకమ్మా, చెప్పులిడిసి దిగు. మా మడమలు పగిలుంటాయి గదా, ఉప్పొచ్చిన మడిలో కాలు బెడితే మండతాది. ఆడినించి గుంట పక్కకి నారు బతకదు."

దిగాను. గిన్నెలు తోమే, బట్టలుతికే నీళ్ళలో నాని నా మడమలూ పగిలే ఉన్నాయి. ఆమె మడి తర్వాత మడి నడిచి, మండిన చోటల్లా పుల్ల గుచ్చింది. తర్వాత మీటరు పెట్టి చూస్తే ఒక్క పుల్లా తప్పలేదు. ఆ పుల్లలన్నీ కలిపితే వచ్చిందే ఆ రేఖ.

వ్యాసంలో ఆమెను ఏమని రాశాను? 'స్థానిక కూలీల అభిప్రాయం' అని. ఆ మూడు మాటలూ ప్రవీణ్ రాసినవి కావు, నావే. అచ్చయ్యాక కనిపిస్తే "నా మాట రాసినావా అమ్మా పుస్తకంలో?" అని అడిగింది. రాశానన్నాను. ఆమెకి ఇంగ్లీషు రాదు కదా అనే ధైర్యం. పోయిన నెల వెళ్ళి చూస్తే ఆ మడులన్నీ రొయ్యల గుంటలు. నాట్లు లేవు. చెంచులక్ష్మి షెడ్డులో కూర్చుని, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలకాయలు తీస్తోంది. మూడు వందల పన్నెండు మంది ఉదహరించిన ఆ వ్యాసం ఒక్క మడిని కూడా కాపాడలేదు.

"ఇంకా కాలేదా? ఆయనొచ్చే టైమైంది" హాల్లోంచి ప్రవీణ్ గొంతు.

"సంతకమేగా అడిగినాడు. మొగుడు పైకొస్తే నీకు గాదా మర్యాద" అంది అత్తయ్య.

'వి' కొట్టేశాను. ఆలోచన: చెంచులక్ష్మి, నాట్ల కూలీ, అల్లూరు. విశ్లేషణ, రచన: వినీల. ఫారం ఇంగ్లీషులో ఉన్నా తెలుగులోనే రాశాను, ఎవరైనా ఆమెకి చదివి వినిపించేందుకు. వ్యాసం వేసిన పత్రికకి పంపడానికి ఫోన్లో ఫోటో తీసుకున్నాను. ఈ కాగితంతో సోమవారం ఏమవుతుందో, ఆ తర్వాత ఈ ఇంట్లో నా బతుకు ఏమవుతుందో నాకు తెలుసు. భయంగానే ఉంది.

దరఖాస్తుదారు చేసిన పని అన్న గడి ఒకటి మిగిలింది. ఎంత ఆలోచించినా అబద్ధం కానిది ఒక్కటే తోచింది. 'గట్టు మీద నిలబడ్డారు' అని రాసి, చేతులు కడుక్కోకుండానే సంతకం పెట్టాను.