త్రాసు ఆయనది, రాళ్లు ఆవిడవి

ఏరా సాయికుమారూ, లా చదువుతున్నావని మీ అమ్మ ఊరంతా చాటుతోంది గానీ, ఆ నల్లకోటు నీ ఒంటి మీద జొన్నచేలో దిష్టిబొమ్మకి తొడిగినట్టుంది. ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. మొగుడూ పెళ్లాలకి పడకపోతే విడాకులు తప్ప దారి లేదన్నావు కదూ నిన్న? పరీక్షలో కూడా ఇలాగే రాశావేమో, అందుకే మళ్లీ కట్టమన్నారు. నోరు మూసుకుని విను.

పెదబయలులో సర్వేశ్వరరావు అని ఒక వ్యాపారి ఉన్నాడు. కింద మైదానం నుంచి వచ్చి చిన్న కొట్టు పెట్టాడు. వారంలో ఒక్కోరోజు ఒక్కో సంతకి జీపులో సరుకు వేసుకెళ్లి ఉల్లిపాయలు, ఎండుచేపలు అమ్ముతాడు, కొండ మీద రైతుల దగ్గర మిరియాలు, రాజ్మా కొంటాడు. మనిషి మంచివాడే. కాకపోతే వేళాకోళం ఆడకపోతే అన్నం అరగదు. ఎండుచేపల బుట్టలో రబ్బరు తేలు పెట్టడం, బతికున్నవాడికి సంతాపం చెప్పించడం, అన్నీ చేశాడు.

ఆఖరికి ఒకసారి పుట్టింటికెళ్లిన భార్య అప్పలనర్సమ్మకి, తనని పాము కరిచిందని ఫోన్ చేయించాడు. ఆవిడ వానలో, చెప్పులు ఎక్కడో జారిపోయినా చూసుకోకుండా, పాడేరు ఆసుపత్రికి ఏడ్చుకుంటూ పరిగెత్తింది. ఆసుపత్రి గేటు ఎదురుగా బల్ల మీద కూర్చుని సర్వేశ్వరరావు పకోడీలు తింటున్నాడు.

"ఏటి, ఇంత బేగి వొచ్చీసినావు? రా, వేడిగా ఉన్నాయి" అన్నాడు.

ఆవిడ గిర్రున వెనక్కి తిరిగింది. తిన్నగా లాయరు తేజస్వి ఇంటికెళ్లింది.

"విడాకులొద్దమ్మా, తాళి తియ్యను. అలాగని ఆ మడిసితో ఒక కప్పు కింద ఉండను. దీనికి మీ పుస్తకాల్లో ఏటైనా ఉందా?" అని అడిగింది.

ఉందిరా సాయీ. కోర్టు ఎడబాటు. తేజస్వి విడమరిచి చెప్పింది. పెళ్లి పెళ్లిగానే ఉంటుంది, కలిసి కాపురం చెయ్యాలన్న కట్టుబాటు మాత్రం ఉండదు. ఇద్దరిలో ఎవరూ ఇంకో పెళ్లి చేసుకోకూడదు. మనసు మారితే కోర్టుకి చెప్పి ఆర్డరు తీయించెయ్యచ్చు. ఏడాది దాటినా కలవకపోతే మాత్రం, ఎవరైనా విడాకులు అడగచ్చు.

కోర్టులో జడ్జిగారు పాము సంగతి అడిగితే సర్వేశ్వరరావు ఎదురు చెప్పలేదు. నవ్వు ఆపుకోలేక దగ్గాడంతే. ఆర్డరు వచ్చేసింది. అప్పలనర్సమ్మ అదే వీధి చివర అక్క ఇంట్లో దిగింది. ఇంటికొచ్చి పొయ్యి చూసేసరికి సర్వేశ్వరరావుకి నవ్వు పోయింది. ఏడాది లోపల ఆవిణ్ని తెచ్చుకోవాలి. లేకపోతే ఆవిడ ఇంక రాదు.

సామాను పంచుకునే రోజున బుర్రకి పని చెప్పాడు.

"ఉల్లిపాయలు నావి, ఎండుచేపలు నీవి. త్రాసు నాది, రాళ్లు నీవి" అన్నాడు.

రాళ్లంటే తూకం రాళ్లు. రాళ్లు లేని త్రాసు ఎందుకు? త్రాసు లేని రాళ్లెందుకు? సంత సంతకీ ఆవిడ వచ్చి తన పక్కనే కూర్చోవాల్సిందే. అప్పలనర్సమ్మ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది.

"సరే" అంది.

తన తెలివికి తనే మురిసిపోయాడు. కొత్త రాళ్ల సెట్టు ఒకటి కొని ఉల్లిపాయల బస్తా అడుగున దాచాడు కూడా. ఆవిడ అలిగి ఏ సంతకైనా రాకపోతే బేరం పోకూడదు కదా. వ్యాపారి బుద్ధి.

ఇద్దరి సరుకూ జీపెక్కించేది సుక్రు. కొండమీది మనిషి. ఒకరోజు చెమట తుడుచుకుంటూ చెప్పాడు.

"బాబూ, అమ్మ బుట్టలో బేటరీ కాటా ఉంది. కొత్తది."

సర్వేశ్వరరావు పడీ పడీ నవ్వాడు.

"నాకే నేర్పుతన్నావేటి సుక్రూ, వేళాకోళం? నువ్వింకా ఎదగాలి."

అలా మొదలైంది. సంతలో పక్కపక్కనే రెండు టార్పాలిన్లు. మధ్యలో త్రాసు. నేరుగా మాట్లాడుకోరు. బేరానికొచ్చినవాళ్లే రాయబారులు.

"కృపావతీ, ఆవిణ్ని కేజీ రాయి ఇమ్మను."

మిరియాలు అమ్మడానికొచ్చిన కృపావతి మూట దించకుండానే ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, కేజీ రాయంట" అనేది.

"మర్యాదగా అడగమను."

"బాబూ, మర్యాదంట."

"కేజీ రాయిగారిని దయచెయ్యమను."

జనం మూగేవారు. ఉల్లిపాయ అక్కర్లేనివాళ్లు కూడా ఉల్లిపాయ కొనేవారు. ఆ ఏడు వీళ్లిద్దరికీ అయినంత బేరం ఏ సంతలోనూ ఎవరికీ అవలేదు.

అంతా బాగానే ఉంది గానీ, అసలు మాట అడుగుదామంటే కుదరదు. ఏం చెప్పినా ఆవిడ దగ్గర ఒకటే జవాబు. "ఆవిడ చేతి కూర లేక చిక్కిపోయానని సెప్పు కృపావతీ" అంటాడు. "పాము కరిసిందేటి?" అంటుంది. నిజంగా జ్వరమొచ్చి దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు ఒక సంతలో. "పాము కరిసిందేటి?" అంది. మాత్ర మాత్రం కృపావతి చేత పంపింది. జీవితమంతా అబద్ధాలు నవ్వుతూ చెప్పిన నోరు, ఒక్క నిజం చెప్పడానికి తడబడిపోయేది. చెప్పబోతూ చెప్పబోతూ ఏదో జోకు వేసేసి, ఇంటికొచ్చి తల బాదుకునేవాడు.

ఏడాది నిండిపోయింది. ఆ వారం సంతలో మబ్బు పట్టింది. అప్పలనర్సమ్మ ఎండుచేపలు సర్దుతూ, ఈసారి రాయబారి లేకుండానే చెప్పింది.

"రేపు పాడేరు ఎల్తన్నాను. లాయరమ్మ దగ్గరికి."

సర్వేశ్వరరావు త్రాసు కింద పెట్టేశాడు. విడాకులే. నాలుక మీదికి అలవాటుగా ఒక జోకు వచ్చింది. మింగేశాడు. లేచి ఉల్లిపాయల బస్తా బోర్లించాడు. ఉల్లిపాయలు సంతంతా దొర్లాయి. అడుగు నుంచి రాళ్లు ఒక్కొక్కటే తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"నా దగ్గర ఏడాదంతా రాళ్లున్నాయి నర్సమ్మా. నీ రాళ్లు నాకు అక్కర్నేదు. నువ్వు పక్కన కూకుంటావనే ఆ పంపకం సేసినాను. ఆ దినం నువ్వు వానలో పరిగెట్టుకొస్తే పకోడీ పెట్టినాను సూడు, ఆ చెయ్యి ఇరిగిపోవాల్సింది. ఇది వేళాకోళం కాదు. ఇంటికొచ్చీ."

ఈసారి కృపావతికి మాట అందించే పని పడలేదు.

అప్పలనర్సమ్మ రాళ్లకేసి చూసింది. చేపల బుట్టలోంచి గోనెగుడ్డ తొలగించి, మెరిసిపోతున్న బ్యాటరీ కాటా తీసి ఆ రాళ్ల పక్కన పెట్టింది.

"పంపకమైన మర్నాడే కొన్నాను. నాకూ నీ త్రాసు అక్కర్నేదు."

సర్వేశ్వరరావు ఆ కాటాని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి ఏడాదంతా నన్ను బతిమాలించుకుని..."

"నీ పాము కోసం నాను పాడేరు దాకా పరిగెట్టినాను. నా కోసం నువ్వొక ఏడాది పరిగెట్టకూడదేటి? ఒక్క నిజం సెప్తావేమో సూద్దామనుకున్నాను. ఆకరి సంతకి సెప్పినావు."

"అయితే రేపు పాడేరు..."

"ఆర్డరు తీయించీడానికి. నువ్వూ రావాలంట. పకోడీలు తినకుండా రా."

జనం ఒక్కసారిగా నవ్వేశారు. సర్వేశ్వరరావు సిగ్గుతో వంగి ఉల్లిపాయలు ఏరుతూ, పక్కనే నవ్వుతున్న సుక్రు మీద విరుచుకుపడ్డాడు.

"నా బస్తాలో రాళ్లు ఆవిడకి ముందే తెలుసేటి?"

"మొదటి వారమే సెప్పీసినాను బాబూ. ఉల్లిపాయలు అంత బరువుండవు కదా."

"ఆవిడకి సెప్పినోడివి, కాటా సంగతి నాకెందుకు సెప్పనేదు?"

సుక్రు ఒక ఉల్లిపాయ ఏరి ఆయన చేతిలో పెట్టాడు.

"సెప్పినాను బాబూ. నువ్వే వేళాకోళం అనుకున్నావు."